ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌కి ఏ బడ్జెట్ పెట్టాలి, ఏ బిడ్ ఎంచుకోవాలి?

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక అక్క పోయినేడాది ఆషాఢానికి ముందు నాకు ఫోన్ చేశారు. అప్పటికి నాలుగు నెలలుగా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ బూస్ట్ చేస్తున్నారు, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపిస్తున్నారు. ఒక రోజు మూడు వందలు, ఇంకో రోజు వెయ్యి, నాలుగు ఆర్డర్లు ఎక్కువ వస్తే ఆ హుషారులో రెండు వేలు. "తమ్ముడూ, డబ్బులు పోతున్నాయి, ఆర్డర్లూ వస్తున్నాయి. మిగులుతోందో లేదో మాత్రం తెలియట్లేదు. రోజుకి ఎంత పెట్టమంటావు?" అని అడిగారు.

చిన్న వ్యాపారాలకు యాడ్స్ చూసిపెట్టడం నా పని. దాదాపు అందరూ ఇదే ప్రశ్నతో వస్తారు. జవాబు చెప్పే ముందు నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. "ఒక్క ఆర్డర్ తెచ్చిపెడితే ఫేస్‌బుక్‌కి మీరు ఎంత ఇచ్చుకోగలరు?" ఈ అంకె తెలిస్తే ఏ బిడ్ (యాడ్ చోటు కోసం పాడే పాట) ఎంచుకోవాలో తేలుతుంది. బిడ్ తేలితే బడ్జెట్ ఎంతో తెలుస్తుంది. మనం యాడ్స్ పెట్టే యాడ్స్ మేనేజర్ పేజీ మాత్రం బడ్జెట్ గడిని ఎదురుగా పెట్టి అడుగుతుంది. ఆర్డరుకి ఎంత దాకా ఇవ్వొచ్చన్న గడిని ఖాళీగా వదిలేసినా ఏమీ అనదు. అది అడిగిన వరసలోనే నింపుకుంటూ పోవడం వల్లే చాలామంది నష్టపోతున్నారని నా నమ్మకం. అందుకే ఇక్కడ వెనక నుంచి మొదలుపెడుతున్నాను.

ముందు నోటుపుస్తకంలో ఒక లెక్క

ఆ అక్క ఇంటికి వెళ్లి, వరండాలో చీరల కట్టల మధ్య కూర్చుని వేసిన లెక్క ఇది. చీర అమ్మకం ధర 1,800 రూపాయలు. చీరకయ్యే ఖర్చు, పన్నులు కలిపి 1,050. కొరియర్ 90, అట్టపెట్టె, కవరు వగైరా 30. అంటే చేరిన ప్రతి చీర మీద 630 మిగులుతుంది. "అయితే ఆర్డరుకి మూడు వందలు యాడ్స్‌కి పోయినా సగం మిగిలినట్టేగా?" అన్నారావిడ.

కాదు. ఆవిడ ఆర్డర్లలో ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీ. పదింటిలో మూడు తిరిగొస్తున్నాయి. కొందరు ఫోన్ ఎత్తరు, కొందరు తలుపు దగ్గర వద్దంటారు. తిరిగొచ్చిన ప్రతి చీరకీ పోను 90, రాను 90, ప్యాకింగ్ 30, మొత్తం 210 రూపాయలు దండగ. ఇప్పుడు పది ఆర్డర్లు కలిపి చూడండి. చేరిన ఏడు చీరల మీద 4,410 వచ్చింది. తిరిగొచ్చిన మూడింటి మీద 630 పోయింది. మిగిలింది 3,780. పదితో భాగిస్తే ఆర్డరుకి 378.

అదీ పూర్తిగా మనది కాదు. మన దేశంలో యాడ్స్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుంది. యాడ్స్ మేనేజర్‌లో కనిపించే ఖర్చులో ఆ పన్ను కలిసి ఉండదు. రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఆ నంబరు యాడ్ అకౌంట్‌లో ఇచ్చినవాళ్లు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకి, అసలు రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి అది ఖర్చే. ఈ అక్కకి ఖర్చే. 378ని 1.18తో భాగిస్తే 320. స్క్రీన్ మీద ఆర్డరుకి 320 కనిపించిందంటే ఆవిడ ఊరికే చాకిరీ చేసినట్టు. ఆర్డరుకి 150 చేతిలో మిగలాలంటే స్క్రీన్ మీద 190 దాటకూడదు.

అప్పటికి స్క్రీన్ మీద ఉన్న అంకె 260. ఆవిడ మొహం చూడాల్సి వచ్చింది. నాలుగు నెలల కష్టానికి ఆర్డరుకి డెబ్బై రూపాయలు మిగిలాయి.

ఇంకో మాట కూడా అక్కడే తేలింది. తిరిగొచ్చేవి మూడు నుంచి ఒకటికి తగ్గితే ఆ 320 కాస్తా 460 దాటుతుంది. డబ్బు ముందే కట్టినవాళ్లకి 50 రూపాయలు తగ్గించి ఇచ్చినా 420 పైనే ఉంటుంది. ఏ బిడ్డింగ్ కిటుకూ ఆర్డరుకి వంద రూపాయల వెసులుబాటు ఇవ్వదు. ఆర్డర్ రాగానే ఒక ఫోన్ చేసి ఖాయం చేసుకోవడం, ముందే కట్టినవాళ్లకి కాస్త తగ్గించడం లాంటివి ఇస్తాయి. బిడ్ల గురించి చదవడానికి కూర్చున్నవాళ్లకి ముందు ఇదే చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇది బాలాపూర్ లడ్డూ వేలం కాదు

బిడ్ అనగానే మనకి వేలంపాట గుర్తొస్తుంది. బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. ఎవరు ఎక్కువ పాడితే లడ్డూ వాళ్లదే. ఫేస్‌బుక్‌లోనూ ప్రతి యాడ్ చోటుకీ వేలం జరుగుతుంది గానీ, అందులో డబ్బు ఒక్కటే చూడరు. మీ బిడ్‌ని, చూసిన మనిషి మీరు కోరిన పని చేసే అవకాశంతో హెచ్చిస్తారు. దానికి యాడ్ నాణ్యతని కలుపుతారు. ఆ మొత్తం ఎవరిది ఎక్కువైతే వాళ్ల యాడ్ కనిపిస్తుంది. అంటే 150 బిడ్ ఉన్న మంచి వీడియో, 250 బిడ్ ఉన్న నీరసమైన ఫొటోని ఓడించగలదు. చీరని వెలుతురులో పరిచి, అంచు దగ్గరగా చూపించి, ధర నోటితో చెప్పిన రీల్ ఉంటే బిడ్ పెంచే అవసరం చాలాసార్లు రాదు.

అంకె ఇవ్వకుండానా, అంకె ఇచ్చా?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ నడిపే కంపెనీ మెటా. అందులో బిడ్ పద్ధతులు నాలుగైదు పేర్లతో ఉన్నా, తేల్చుకోవాల్సింది ఒకటే: ఫలితానికి ఎంత పెట్టాలో దానికే వదిలేస్తారా, మీరు అంకె చెబుతారా?

దానికే వదిలేయడాన్ని హైయెస్ట్ వాల్యూమ్ అంటారు. ఇంతకుముందు లోయెస్ట్ కాస్ట్ అనేవాళ్లు. మీరేమీ నింపకపోతే ఇదే ఉంటుంది. ఇచ్చిన డబ్బంతా ఖర్చు పెట్టి, వీలైనన్ని ఎక్కువ ఫలితాలు తేవడం దాని పని. కొత్త అకౌంట్‌కి ఇదే సరైనదని గట్టిగా చెబుతాను. మీ చీర ఎవరు కొంటారో దానికి ఇంకా తెలియదు, మీ దగ్గర పాత లెక్కలు లేవు. అలాంటప్పుడు అంకె ఇస్తే చీకట్లో రాయి విసిరినట్టే. ఇబ్బంది ఎక్కడంటే, దీనికి ఆగడం తెలియదు. దసరా, దీపావళికి పెద్ద కంపెనీలన్నీ వేలంలోకి దిగి రేట్లు పెరిగినా, అది మీ వెయ్యి రూపాయలూ ఖర్చు పెట్టే తీరుతుంది. నిన్న ఐదు ఆర్డర్లు తెచ్చిన డబ్బు ఇవాళ మూడే తెస్తుంది.

రెండోది కాస్ట్ పర్ రిజల్ట్ గోల్. చాలామంది ఇప్పటికీ పాత పేరుతో కాస్ట్ క్యాప్ అనే అంటారు. "ఆర్డరుకి సగటున 190 దగ్గర ఉంచు" అని చెప్పడం. ఇందులో సగటున అన్న మాటే ముఖ్యం. ఒక రోజు 240 పడొచ్చు, ఇంకో రోజు 150 పడొచ్చు. తప్పకుండా 190లోనే ఉంటుందన్న హామీ ఏమీ లేదు. కానీ రేటు మరీ పెరిగితే ఖర్చు తగ్గించేస్తుంది. కొన్ని రోజులు బడ్జెట్‌లో సగం కూడా ఖర్చవదు. అప్పుడు చాలామంది "యాడ్ నడవట్లేదు" అని టెన్షన్ పడి ఆపేస్తారు. నిజానికి అది చెప్పిన మాట వింటోంది.

దీనిలో చేసే పెద్ద తప్పు, ఆశపడిన అంకెని పెట్టేయడం. రెండు వారాలుగా సగటు 260 ఉంటే, ఒక్కసారిగా 190 పెడితే యాడ్ కదలదు. నేను మొదట 250 పెడతాను. అది నిలకడగా నడిచాక రీల్స్ మార్చి, ధర పక్కన ఏదైనా ఆఫర్ పెట్టి, పదీ ఇరవై చొప్పున కిందికి దించుతాను. దినబడ్జెట్ ఈ అంకెకి కనీసం ఐదు రెట్లు ఉండేలా చూసుకోండి. రోజుకి 500 పెట్టి 250 గోల్ ఇస్తే, రోజుకి రెండు ఆర్డర్ల మీద అది నేర్చుకునేదేమీ ఉండదు.

బిడ్ క్యాప్ గురించి ఎక్కువ చెప్పను. అది ప్రతి వేలంలోనూ మెటా పాడగలిగే పాటకి పైహద్దు. స్క్రీన్ మీద కనిపించే సగటు ఖర్చుకీ దానికీ నేరుగా పొత్తు కుదరదు. ఎంతమంది చూస్తే ఎంతమంది కొంటారో నెలల తరబడి లెక్కలున్నవాళ్లకి, రోజూ కూర్చుని సవరించే మనిషి ఉన్నవాళ్లకి పనికొస్తుంది. నెలకి యాభై వేల లోపు ఖర్చు పెట్టే దుకాణానికి దాని జోలి వద్దు.

రోఆస్ గోల్ కథ వేరు. ఇందులో ఆర్డరుకి ఎంత అని చెప్పం, పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం రావాలో చెబుతాం. చీరలన్నీ 1,800 దగ్గరే ఉంటే దీనితో పెద్ద లాభం లేదు. ఆర్డర్ విలువలు బాగా తేడాగా ఉన్నచోట దీని విలువ తెలుస్తుంది. గోదావరి జిల్లాల నుంచి అమెరికాకి పచ్చళ్లు పంపేవాళ్లని చూడండి. ఒకరు కిలో ఆవకాయ అడుగుతారు. ఇంకొకరు ఆవకాయ, గోంగూర, కందిపొడి, పూతరేకులు కలిపి పది కిలోల పార్శిల్ కట్టించుకుంటారు. రెండూ ఒక్కో ఆర్డరే. కాస్ట్ గోల్ పెడితే మెటా దృష్టిలో ఆ రెండూ సమానం. కిలో కొనేవాళ్లు తేలిగ్గా దొరుకుతారు గనక వాళ్లనే తెస్తుంది, విదేశీ కొరియర్ ఛార్జీలకే లాభం పోతుంది. విలువని బట్టి నడిపే పద్ధతి అయితే పది కిలోల పార్శిల్ కోసం వెతుకుతుంది. దీనికి ఒక షరతుంది. మీ వెబ్‌సైటులో పెట్టే పిక్సెల్ (కొనుగోళ్ల సంగతి మెటాకి చెప్పే చిన్న కోడ్) ద్వారా ప్రతి ఆర్డర్ విలువా సరిగ్గా మెటాకి చేరాలి. డాలర్లు, రూపాయలు కలగాపులగం అయిన అకౌంట్లు చూశాను. అలాంటి చోట రోఆస్ అంకెని నమ్మితే కొంప మునుగుతుంది.

వారానికి యాభై

ఇప్పుడు బడ్జెట్ దగ్గరికి వద్దాం. ఎవరికి చూపించాలో చెప్పి కొన్ని యాడ్స్‌ని కలిపి పెట్టే గుంపుని యాడ్ సెట్ అంటారు. ఒక యాడ్ సెట్ మొదలైనా, అందులో పెద్ద మార్పు చేసినా, అది లెర్నింగ్ దశలో, అంటే ఎవరు కొంటారో ఇంకా నేర్చుకునే దశలో ఉందంటారు. వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే ఆ దశ దాటుతుంది. రాకపోతే లెర్నింగ్ లిమిటెడ్ అని చూపిస్తుంది. ఆ మాట కనిపించగానే కంగారు పడక్కర్లేదు. యాడ్ చచ్చిపోయిందని కాదు, రేటు ఇంకా నిలకడగా లేదని మాత్రమే దాని అర్థం.

ఆ యాభైని మన లెక్కతో కలపండి. ఆర్డరుకి 190 అనుకుంటే యాభై ఆర్డర్లకి వారానికి 9,500, రోజుకి దగ్గర దగ్గర 1,360. ఇది ఒక్క యాడ్ సెట్‌కి. రోజుకి 500 ఉన్న మనిషి నాలుగు యాడ్ సెట్లు పెట్టుకుని ఒకటి హైదరాబాద్‌కి, ఒకటి వైజాగ్‌కి, ఒకటి ముప్పై దాటిన ఆడవాళ్లకి, ఒకటి చీరలంటే ఇష్టమున్నవాళ్లకి అని పంచితే, ఒక్కోదానికీ రోజుకి 125 రూపాయలు. ఆ డబ్బుతో ఏదీ నేర్చుకోదు. నా సలహా సూటిగా ఇది: రోజుకి వెయ్యి లోపు ఉంటే ఒకే క్యాంపెయిన్ (యాడ్ సెట్లన్నిటికీ పైన ఉండేది), ఒకే యాడ్ సెట్, అందులో మూడు నాలుగు వేర్వేరు వీడియోలు. అంతకు మించి చీల్చొద్దు.

అంత బడ్జెట్ కూడా లేనివాళ్లు వాట్సాప్ మెసేజ్‌ల యాడ్ వైపు వెళ్తారు. మెసేజ్ చవకగా దొరుకుతుంది, యాభై దాటడం తేలిక. నేను వద్దనను. వెబ్‌సైటు లేని చిన్న అమ్మకందారుకి మొదట అదే దారి. కానీ అక్కడ మెటా వెతికేది మెసేజ్ చేసేవాళ్ల కోసం, కొనేవాళ్ల కోసం కాదు. "ప్రైస్ ప్లీజ్" అని పెట్టి మాయమయ్యేవాళ్లు కుప్పలుగా వస్తారు. ఈ అక్క ఫోన్‌లో ఒక్క సాయంత్రం చదవని మెసేజ్‌లు అరవై ఉన్నాయి. రాత్రి పదకొండు దాకా కూర్చుని జవాబులు రాస్తున్నారు. ధర వీడియోలోనే చెప్పాక మెసేజ్‌లు తగ్గాయి, కొనేవాళ్ల సంఖ్య తగ్గలేదు. కాబట్టి మెసేజ్ ఎంతకి పడిందో కాదు, ఎన్ని మెసేజ్‌లకి ఒక అమ్మకం తెగుతోందో రాసుకోండి. పాతిక మెసేజ్‌లకి ఒకటి తెగితే, ఎనిమిది రూపాయల మెసేజ్ అంటే రెండు వందల రూపాయల ఆర్డర్ అన్నమాట. పైగా జవాబులు రాసే మనిషి సమయం దీనికి అదనం.

రోజువారీనా, మొత్తంగానా?

డైలీ బడ్జెట్ అంటే రోజుకి కచ్చితంగా అంతే అని చాలామంది అనుకుంటారు. అది సగటు. అవకాశాలు బాగున్న రోజు మెటా 75 శాతం దాకా ఎక్కువ ఖర్చు పెట్టొచ్చు. వెయ్యి పెడితే ఒకనాడు 1,750 పోవచ్చు. ఆదివారం నుంచి శనివారం దాకా కలిపి మాత్రం ఏడు వేలు దాటదు. ఇది తెలియక ఒక్కరోజు ఖర్చు చూసి మోసం జరిగిందని ఫోన్ చేసినవాళ్లున్నారు. చేతిలో డబ్బు మరీ బిగుతుగా ఉన్నవాళ్లు అకౌంట్ స్పెండింగ్ లిమిట్ పెట్టుకోండి. ఆ అంకె దగ్గర యాడ్స్ అన్నీ ఆగిపోతాయి, రాత్రి నిద్ర పడుతుంది.

ఏడాది పొడవునా నడిచే అమ్మకానికి డైలీ బడ్జెట్టే సుఖం. ముగింపు తేదీ ఉన్నవాటికి లైఫ్‌టైమ్ బడ్జెట్ మంచిది. ఆషాఢం సేల్, ఎగ్జిబిషన్, కొత్త షోరూమ్ ప్రారంభం లాంటివి. ఇంత డబ్బు, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా అని చెబితే, ఏ రోజు ఎంత పెట్టాలో అదే సర్దుకుంటుంది. దీనికి ఇంకో సౌకర్యం ఉంది. రోజులో ఏ గంటల్లో యాడ్ నడవాలో ఇందులో ఎంచుకోవచ్చు. ఫోన్ మీద నడిచే వ్యాపారాలకి ఇది చాలా ముఖ్యం. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ఫలితాలొచ్చాక కౌన్సెలింగ్ సాయం చేసే ఒక సంస్థకి లీడ్స్, అంటే ఆసక్తితో ఫారం నింపినవాళ్ల వివరాలు తెచ్చిపెట్టాను. ఫోన్లు చేసే అమ్మాయిలు ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకానే ఉంటారు. అర్ధరాత్రి ఫారం నింపిన తండ్రికి మర్నాడు పదకొండుకి ఫోన్ వెళ్లేసరికి ఆయన వేరే మూడు చోట్ల మాట్లాడేసి ఉంటున్నాడు. గంటలు కట్టేశాక లీడ్ రేటు కాస్త పెరిగింది, కానీ ఫోన్ ఎత్తి మాట్లాడేవాళ్లు పెరిగారు.

అదే పనిలో నేను ఒక తప్పు చేశాను. ఫలితాలు రేపు అనగా, హడావిడిలో వెయ్యి ఉన్న బడ్జెట్‌ని రాత్రికి రాత్రి ఆరు వేలు చేశాను. బాగా నడుస్తున్న యాడ్ సెట్ మళ్లీ లెర్నింగ్‌లోకి వెళ్లింది. అసలు రద్దీ ఉన్న మూడు రోజులూ లీడ్ రేటు దాదాపు రెట్టింపు పడింది. ఆ సంస్థకి ఏడాదికి ఒక్కసారి వచ్చే సమయం అది. ఆ డబ్బు నాది కాదు, నన్ను నమ్మి ఇచ్చినవాళ్లది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. రద్దీ తేదీ ముందే తెలిసినప్పుడు పది రోజుల ముందు నుంచే మూడు నాలుగు రోజులకోసారి ఇరవై శాతం చొప్పున పెంచుకుంటూ వెళ్లాలి. ఇరవై అన్నది మెటా పెట్టిన నియమం కాదు, ఈ పని చేసేవాళ్ల అలవాటు. నాకు ఇప్పటిదాకా చెడలేదు. బిడ్ పద్ధతి మార్చినా, ఎవరికి చూపించాలో మార్చినా, కొత్త వీడియో కలిపినా, వారం పైన ఆపి మళ్లీ మొదలుపెట్టినా ఇలాగే వెనక్కి వెళ్తుంది. కాబట్టి మార్పులన్నీ పోగేసి ఒకేసారి చేయండి. రోజూ రాత్రి భోజనమయ్యాక యాప్ తెరిచి ఒక చెయ్యి వేసే అలవాటుంటే మానుకోండి.

డబ్బు పంచే పెత్తనం ఎవరికి?

బడ్జెట్‌ని క్యాంపెయిన్ దగ్గర పెడితే, కింద ఉన్న యాడ్ సెట్లలో ఎక్కడ ఫలితం చవగ్గా వస్తుంటే అటు డబ్బు తోస్తుంది. మెటా దీన్ని అడ్వాంటేజ్ ప్లస్ క్యాంపెయిన్ బడ్జెట్ అంటోంది, మా వాళ్లంతా సీబీఓ అనే అంటారు. యాడ్ సెట్ దగ్గర పెడితే ఎవరి వాటా వాళ్లది. దాన్ని ఏబీఓ అంటారు.

యాడ్ సెట్లన్నీ ఒకే రకం కొనుగోలుదారుల కోసమైతే సీబీఓ హాయి. మన పని తగ్గుతుంది. కానీ విలువలో తేడా ఉన్నవాటిని ఒక్క గూట్లో పెట్టకండి. మళ్లీ పచ్చళ్ల ఉదాహరణే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఒక యాడ్ సెట్, హైదరాబాద్, బెంగళూరు వాళ్లకి ఇంకొకటి పెట్టి, పైన సీబీఓ ఇస్తే ఏమవుతుందో తెలుసా? ఇక్కడి ఆర్డర్ రెండు వందలకి వస్తుంది, అక్కడిది ఎన్నో రెట్లు పడుతుంది. డబ్బంతా ఇటే వచ్చేస్తుంది. అమెరికా యాడ్ సెట్ మూడు రోజుల్లో సున్నాకి చేరుతుంది, ఓనరు "అక్కడ మన పచ్చళ్లు ఎవరికీ వద్దు" అనుకుంటాడు. అసలు చూపించనే లేదు. అలాంటి చోట రెండు వేర్వేరు క్యాంపెయిన్లు పెట్టండి. వేర్వేరు వీడియోలని, వేర్వేరు ఊళ్లని నికరంగా పరీక్షించాలనుకున్నప్పుడు కూడా ఏబీఓనే మేలు. సీబీఓలో యాడ్ సెట్‌కి కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని హద్దులు పెట్టొచ్చు గానీ, ప్రతిదానికీ హద్దు పెడితే ఇక సీబీఓ పెట్టి లాభమేముంది?

బూస్ట్ బటన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రీల్‌ని మీ ఊరి వాళ్లకి చూపించాలంటే బూస్ట్ చాలు. అమ్మకం కావాలంటే యాడ్స్ మేనేజర్‌కి రండి. పైన చెప్పిన బిడ్ అంకెలు పూర్తిగా మన చేతికొచ్చేది అక్కడే. విదేశాల్లో ఉండి ఐఫోన్‌లో యాప్ నుంచి బూస్ట్ చేసే మనవాళ్లు ఒకటి గమనించాలి. యాపిల్ 30 శాతం రుసుము బూస్ట్‌ల మీద పడుతుందని మెటా 2024 ఫిబ్రవరిలో చెప్పింది, అది ముందు అమెరికాలో అమలైంది. అదే పని బ్రౌజర్‌లో చేస్తే ఆ రుసుము ఉండదు.

యూట్యూబ్‌కి వెళ్లేవాళ్లకి రెండు మాటలు. యూట్యూబ్ యాడ్స్ పెట్టేది గూగుల్ యాడ్స్‌లో. అక్కడ ఒక రోజు దినబడ్జెట్‌కి రెండింతల దాకా ఖర్చు కావచ్చు, నెలకి మాత్రం దాని 30.4 రెట్లు దాటదు. మ్యాగ్జిమైజ్ కన్వర్షన్స్ అంటే ఇక్కడి హైయెస్ట్ వాల్యూమ్ లాంటిది, టార్గెట్ సీపీఏ అంటే కాస్ట్ గోల్ లాంటిది. నోటుపుస్తకం లెక్క ఏమీ మారదు.

ఆ అక్కకి ఏం చెప్పాను

ఆషాఢానికి ముందు రెండు వారాలు రోజుకి వెయ్యి, హైయెస్ట్ వాల్యూమ్, ఒకే యాడ్ సెట్, నాలుగు రీల్స్. లక్ష్యం వెబ్‌సైట్ కొనుగోళ్లు. యాభై రాకపోయినా సరే, మెసేజ్‌ల వైపు మళ్లలేదు. ఎందుకంటే ఆవిడకి కావాల్సింది రాత్రి పదకొండింటికి ఫోన్ పక్కన పెట్టి పడుకోవడం కూడా. రెండు వారాల తర్వాత సగటు చూసి, దానికి పది రూపాయలు తక్కువగా కాస్ట్ గోల్ పెట్టాం. ఆషాఢం సేల్‌ని వేరే క్యాంపెయిన్‌గా, లైఫ్‌టైమ్ బడ్జెట్‌తో, తేదీలు కట్టి నడిపాం. సేల్‌లో లాభం తక్కువ కాబట్టి దానికి వేరే లెక్క, వేరే అంకె. పాతదాన్ని కదపలేదు.

దాంతోపాటు ఒక నోటుపుస్తకం. ప్రతి సోమవారం నాలుగు గీతలు: యాడ్స్‌కి పోయింది, వచ్చిన ఆర్డర్లు, చేరినవి, తిరిగొచ్చినవి. స్క్రీన్ చూపించేది రెండో గడి దాకానే. కొనుగోలు అనే లెక్క ఆర్డర్ నొక్కినప్పుడే పడిపోతుంది, చీర చేరిందో లేదో దానికి తెలియదు. ఖాయమైన ఆర్డర్లనే మెటాకి పంపే ఏర్పాటు చేసుకునే దుకాణాలున్నాయి. వెబ్‌సైటు చూసుకునే మనిషి ఉంటే అది మంచి పద్ధతి. లేనివాళ్లకి నోటుపుస్తకమే దిక్కు.

ఈమధ్య శ్రావణం ముందు మళ్లీ ఫోన్ చేశారు. రోజుకి ఎంత పెట్టమంటావని ఈసారి అడగలేదు. "తమ్ముడూ, ఈ వారం ఆర్డరుకి 205 పడింది. చేరినవి పదికి ఎనిమిది. గోల్ కదపనా?" అన్నారు. వద్దక్కా, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అన్నాను. ఆ తిరిగొచ్చిన రెండిటికీ ఒకసారి ఫోన్ చేసి, ఎందుకు వద్దన్నారో కనుక్కోమన్నాను.